మెమరీ కార్డు – గూఢలిపి

నిడివి 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11 మిల్లీమీటర్లు, మందము 1 మిల్లీమీటరు. ఇవి మైక్రోఎస్‌డి అను మెమరీ కార్డు కొలతలు. పరిమాణమున అది చింతగింజకు మించినది కాదు. ఇంత చిన్న పలకలో ఒక ఆసుపత్రిలోని రోగుల వివరములన్నియు, ఒక బ్యాంకు ఖాతాదారుల జాబితా అంతయు సులభముగా ఇముడును. దానిని ఫోనునుండి ఊడదీయుటకు బలము అక్కరలేదు. చొక్కా జేబునుండి జారి క్రిందపడినను చప్పుడు కాదు.

ఇట్టి కార్డు పోయినపుడు పోయిన సొమ్ము విలువ స్వల్పము. దానిలోని వ్రాత మాటయే వేరు. కార్డు దొరికినవానికి ఆ వ్రాత కూడ దొరకవలెనా? దొరకకుండ చేయుట ఎట్లు? తన ఉద్యోగులకు ఫోనులిచ్చి పని చేయించుకొను ప్రతి కంపెనీకిని 2006వ సంవత్సర ప్రాంతమున ఈ ప్రశ్న ఎదురైనది. దానికి ఇచ్చిన సమాధానములు, అందులోని పొరపాట్లు, ఆ పొరపాట్లవలన నేర్చుకొన్న పాఠములు కలసి ఒక చిన్న చరిత్ర అయినవి. ఆ చరిత్రలో మొదటినుండి చివరివరకు ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వచ్చుచుండును: తాళపుచెవిని ఎచట ఉంచవలెను?

ఎలక్ట్రానులను బంధించుట

మెమరీ కార్డులో వ్రాత అనగా బంధింపబడిన విద్యుదావేశము. బలమైన విద్యుత్ క్షేత్రమునకు లోనైనపుడు ఎలక్ట్రానులు సాధారణముగా దాటలేని అడ్డుగోడనుకూడ దాటి రాగలవని 1928లో ఫౌలర్, నార్డ్‌హైమ్ అను శాస్త్రజ్ఞులు క్వాంటం సిద్ధాంతము సాయముతో వివరించిరి. కొండను ఎక్కి దిగకుండ దానిలో సొరంగమున పోవుట వంటి ఈ క్రియకు టన్నెలింగు అని పేరు.

1967లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున డావన్ కాంగ్, సైమన్ జీ అను ఇరువురు ఒక కొత్త ఏర్పాటును ప్రతిపాదించిరి. ట్రాన్సిస్టరులో నలువైపుల అవాహకముచే చుట్టబడి, ఏ తీగతోను సంబంధము లేని ఒక చిన్న పొరను అమర్చుట ఆ ఏర్పాటులోని విశేషము. దీనిని ఫ్లోటింగ్ గేటు అందురు. ఆ పొరలోనికి ఎలక్ట్రానులను పంపినచో అవి అచటనే చిక్కుకొని ఉండును. విద్యుత్తును ఆపివేసినను అవి బయటకు పోజాలవు. ఎలక్ట్రానులు చేరిన గదిని ఒక అంకెగను, చేరని గదిని మరియొక అంకెగను చదివినచో, 0, 1 అను రెండు అంకెలతో ఏ విషయమునైనను వ్రాసి ఉంచవచ్చును.

ఈ సూత్రముపై 1971లో ఇంటెల్ సంస్థకు చెందిన డోవ్ ఫ్రోమన్ ఒక జ్ఞాపక సాధనమును నిర్మించెను. కాని దానిలోని వ్రాతను చెరుపుటకు అతినీలలోహిత కిరణములను కొన్ని నిమిషములపాటు ప్రసరింపజేయవలసి ఉండెను. జపానులో తోషిబా సంస్థయందు పనిచేయుచుండిన ఫుజియో మసువోకా ఒక కొత్త మార్గమును చూపెను. గదుల నన్నిటిని విద్యుత్తుతోనే ఒక్కమారుగ చెరుపు విధానమును ఆయన 1984లో ప్రకటించెను. కెమేరా ఫ్లాష్ వెలిగినట్లు ఒక్క క్షణమున అంతయు తుడిచివేయునది కనుక, ఆయన సహోద్యోగి యొకరు దీనికి ఫ్లాష్ అను పేరు సూచించెను. తక్కువ చోటులో ఎక్కువ గదులు పట్టు నాండ్ రకమును మసువోకా బృందము 1987లో ప్రకటించినది. నేటి మెమరీ కార్డులన్నియు ఈ రకమునుండి పుట్టినవే.

విద్యుత్తు లేకున్నను వ్రాత చెదరకుండుట ఫ్లాష్ మెమరీకి గల గొప్ప గుణము. ఇచట తలచుకొను అపాయమునకు మూలము కూడ ఆ గుణమే. ఫోనును ఆపివేసినను, కార్డును ఊడదీసినను, ఏండ్ల తరబడి ఎచటనో పడియున్నను ఆ కార్డు తనలోని విషయమును మరువదు.

పేరులోని భద్రత

మసువోకా పరిశోధన ఫలించిన పిదప కార్డులు ఒకదానివెంట ఒకటి వెలువడినవి. 1994లో కాంపాక్ట్‌ఫ్లాష్, 1995లో స్మార్ట్‌మీడియా, 1997లో మల్టీమీడియా కార్డు వచ్చినవి. 1999లో శాన్‌డిస్క్, మత్సుషితా, తోషిబా అను మూడు సంస్థలు కలసి ఎస్‌డి కార్డును ప్రకటించినవి. 2004లో వచ్చిన ట్రాన్స్‌ఫ్లాష్ అను మిక్కిలి చిన్న కార్డు 2005లో మైక్రోఎస్‌డి అను పేరుతో అదే కుటుంబమున చేరినది. సెల్‌ఫోనులకు సరిపోవు కార్డు ఇదియే.

ఎస్‌డి అను రెండక్షరములలో మొదటిది సెక్యూర్ అను మాటకు గుర్తు. సెక్యూర్ అనగా భద్రమైనది. అయితే ఎవరి వస్తువునకు భద్రత? ఆ కార్డు పుట్టినపుడు సంగీత ప్రచురణకర్తలు, తమ పాటలను జనులు కార్డునుండి కార్డునకు ఎత్తి వ్రాసికొందురేమో యని భయపడుచుండిరి. వారిని తృప్తిపరచుటకు కార్డులో ఒక రక్షణ ఏర్పాటు చేర్చబడెను. దానిలోని గూఢలిపికి క్రిప్టోమీరియా అని పేరు. అది జపానుదేశపు ఒక వృక్షము పేరు. కనుక పేరులోని భద్రత పాట అమ్మినవానికేగాని కార్డు కొన్నవానికి కాదు. యజమాని వ్రాసికొన్న ఉత్తరములు, పట్టికలు, ఛాయాచిత్రములు కార్డులో ఎట్టి మరుగును లేక యథాతథముగ ఉండెను.

కార్డునకు పాస్‌వర్డు పెట్టు ఒక సదుపాయము మాత్రము కలదు. సరియైన పాస్‌వర్డు చెప్పనిచో కార్డులోని చిన్న నియంత్రణ యంత్రము వ్రాతను బయటకు ఇయ్యదు. ఇది తాళమేగాని గూఢలిపి కాదు. కాపలావాడు తలుపువద్ద నిలిచి యున్నాడు. లోపలి పుస్తకము మాత్రము అందరికి తెలిసిన లిపిలోనే ఉన్నది. కాపలావానిని తప్పించి, లోపలి చిప్‌ను నేరుగా చదువగలవానికి ఆ తాళము అడ్డు కాదు.

తాళపుచెవి ఒక్కటే రహస్యము

తాళమునకును గూఢలిపికిని గల భేదము ఇదియే. గూఢలిపిలో వ్రాతయే రూపు మారిపోవును. దానిని చదివినవానికి అర్థములేని అంకెలవరుస మాత్రమే కనబడును. తాళపుచెవి వంటి ఒక రహస్య సంఖ్య తెలిసినవాడే దానిని తిరిగి మొదటి రూపమునకు తేగలడు. ఇట్లు రూపు మార్చుటనే ఎన్‌క్రిప్షన్ అందురు.

ఈ విద్యకు ఒక మూలసూత్రమును 1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ చెప్పెను. ఆయన పారిస్ నగరమున భాషలు బోధించిన ఉపాధ్యాయుడు. సైనిక గూఢలిపులను గురించి వ్రాసిన వ్యాసమున, గూఢలిపి యంత్రము శత్రువుల చేతికి చిక్కినను అపాయము కలుగరాదనియు, రహస్యమంతయు తాళపుచెవిలోనే ఉండవలెననియు ఆయన నిర్ణయించెను. విధానమును అందరును ఎరుగవచ్చును. తాళపుచెవిని మాత్రము ఎరుగరాదు. విధానము బయటపడినచో దానిని మార్చుట కష్టము. తాళపుచెవి బయటపడినచో వెంటనే మార్చుకొనవచ్చును. ఇది నేటికిని చెల్లు సూత్రము. పాటల రక్షణకు వాడిన క్రిప్టోమీరియాలో ఒక భాగమును రహస్యముగ ఉంచిరి. 2009లో గూఢలిపి శాస్త్రజ్ఞులు ఆ రహస్య భాగమును రాబట్టు మార్గమును ప్రచురించిరి.

అమెరికా ప్రభుత్వము 1977లో డెస్ అను గూఢలిపిని ప్రమాణముగ అంగీకరించెను. దాని తాళపుచెవి 56 బిట్ల పొడవు గలది. అనగా సాధ్యమగు తాళపుచెవుల సంఖ్య రెండును 56 మారులు హెచ్చవేయగా వచ్చునంత, సుమారు 72 వేల లక్షల కోట్లు. ఆ కాలమునకు అది పెద్ద సంఖ్యయే. కాని యంత్రముల వేగము పెరిగినది. 1998 జూలైలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అను సంస్థ 2,50,000 డాలర్ల లోపు వ్యయముతో నిర్మించిన యంత్రము, తాళపుచెవులను వరుసగ పరీక్షించి 56 గంటలలో సరియైనదానిని పట్టుకొనెను.

అప్పటికే కొత్త ప్రమాణముకొరకు అన్వేషణ ప్రారంభమైనది. 1997లో అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థ ప్రపంచమందలి శాస్త్రజ్ఞులను ఆహ్వానించెను. పదునైదు విధానములు పోటీకి నిలిచినవి. వాని నన్నిటిని బహిరంగముగ పరీక్షించి, విమర్శించి, చివరకు బెల్జియము దేశస్థులైన యోన్ డామెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించిన విధానమును 2000 అక్టోబరులో ఎన్నుకొనిరి. 2001 నవంబరులో అది ఏఇఎస్ అను పేరుతో ప్రమాణమైనది.

ఏఇఎస్ పనిచేయు తీరు తరగతిగదిలో నల్లబల్లపై చూపదగినంత స్పష్టమైనది. వ్రాతను 16 బైట్ల చొప్పున విడగొట్టి, నాలుగు అడ్డువరుసలు నాలుగు నిలువువరుసలు గల పట్టికలో ఉంచుదురు. మొదట ప్రతి బైటును ఒక నిర్ణీత పట్టిక ప్రకారము మరొక బైటుగ మార్చుదురు. పిమ్మట అడ్డువరుసలను వేర్వేరు దూరములు జరుపుదురు. ఆ మీద నిలువువరుసలలోని బైట్లను ఒకదానితో ఒకటి కలుపుదురు. తుదకు తాళపుచెవినుండి పుట్టిన అంకెలను చేర్చుదురు. 128 బిట్ల తాళపుచెవికి ఇట్టి ఆవృత్తులు పది. వానిలో చివరిదానియందు మాత్రము నిలువువరుసల కలయిక ఉండదు. ప్రతి అడుగును అందరికి తెలిసినదే. తెలియనిది తాళపుచెవి ఒక్కటే. సాధ్యమగు తాళపుచెవులు 34 తరువాత 37 సున్నలు పెట్టినంత. వానిని ఒక్కొక్కటిగ పరీక్షించుట ఏ యంత్రమునకును అలవి కాదు.

కార్డులవంటి సాధనములపై దీనిని వాడునపుడు మరొక జాగ్రత్త అవసరము. ఒకే వ్రాత రెండు చోట్ల ఉన్నచో గూఢలిపిలోకూడ రెండు చోట్ల ఒకే రూపము కనబడును; దానిని బట్టి తెలివిగలవాడు కొంత ఊహింపగలడు. అందుచేత ప్రతి ముక్క కార్డులో ఏ స్థానమున ఉన్నదో ఆ స్థాన సంఖ్యనుకూడ లెక్కలోనికి కలుపుదురు. ఇట్టి పద్ధతులలో ఎక్స్‌టిఎస్ అనునది 2007లో ప్రమాణముగ వెలువడినది.

పోగొట్టుకొన్నవారు

విద్య సిద్ధముగ ఉన్నంతమాత్రమున జనులు దానిని వాడరు. వాడవలసిన అవసరమును నష్టములు బోధించినవి.

కాలిఫోర్నియా రాష్ట్రమున 2003 జూలై 1న ఒక చట్టము అమలులోనికి వచ్చినది. ప్రజల వ్యక్తిగత వివరములు అన్యుల చేతబడినచో ఆ సంగతిని వారికి తెలుపవలెనని ఆ చట్టము శాసించినది. కాని ఆ వివరములు గూఢలిపిలో ఉన్నచో తెలుపనక్కరలేదు. ఈ ఒక్క మినహాయింపు కంపెనీలకు మంచి ప్రేరణ అయినది.

2006 మే నెలలో అమెరికాలో మాజీ సైనికుల శాఖకు చెందిన ఒక ఉద్యోగి ఇంటినుండి కంప్యూటరును, దానికి బయట తగిలించు డిస్కును దొంగలు ఎత్తుకొనిపోయిరి. దానిలో సుమారు 2 కోట్ల 65 లక్షల మంది వివరములుండెను. గూఢలిపి లేదు. తరువాతి నెలలో, శాఖలకు చెందిన ముఖ్య వివరములు గల చేతియంత్రములన్నిటిని గూఢలిపిలో ఉంచవలెనని ఆ ప్రభుత్వము తన శాఖలను కోరినది. దొంగిలింపబడిన డిస్కు తరువాత దొరికినది.

2007లో బ్రిటిష్ పన్నుల శాఖ 2 కోట్ల 50 లక్షల మంది వివరములు గల రెండు డిస్కులను లండనుకు పంపగా అవి చేరలేదు. వానికి పాస్‌వర్డు ఉండెను, గూఢలిపి లేదు. తాళమునకును గూఢలిపికిని గల భేదము ఆ నాడు ఆ దేశమున ప్రతి ఇంటను చర్చకు వచ్చెను. ఆ శాఖాధిపతి రాజీనామా ఇచ్చెను. 2008లో ఇంగ్లండు, వేల్స్ దేశములలోని 84,000 మంది ఖైదీల వివరములు గల ఒక మెమరీ స్టిక్ పోయినది. ఈ వృత్తాంతము గమనింపదగినది. ఆ వివరములు మొదట భద్రమైన ఏర్పాటులోనే ఉండెను. పని సౌకర్యముకొరకు ఎవరో వానిని గూఢలిపి లేని చిన్న సాధనములోనికి ఎత్తుకొనిరి. పెద్ద బీరువాకు ఎన్ని తాళములు వేసినను, చేతిసంచికి తాళము లేనిచో ప్రయోజనము లేదు.

భారతదేశముకూడ ఈ విషయమును ఉపేక్షింపలేదు. సమాచార సాంకేతిక చట్టమునకు చేసిన సవరణ 2009 అక్టోబరు 27న అమలులోనికి వచ్చెను. ప్రజల ముఖ్య వివరములను కాపాడుటలో అశ్రద్ధ చూపి నష్టము కలిగించిన సంస్థ పరిహారము చెల్లింపవలెనని అది విధించినది.

కంపెనీ ఫోనులోనికి కార్డు

కెనడాలోని రిసెర్చ్ ఇన్ మోషన్ సంస్థ తయారుచేసిన బ్లాక్‌బెర్రీ ఫోనులు ఆ కాలమున కంపెనీలకు ప్రియమైనవి. ఫోను లోపలి వ్రాతకు మంచి రక్షణ ఉండెను. పదిమారులు తప్పు పాస్‌వర్డు కొట్టినచో ఫోను తనలోని సమస్తమును తానే చెరిపివేయును. పోయిన ఫోనునకు దూరమునుండి ఆజ్ఞ పంపి చెరిపివేయుటకూడ వీలుండెను. 2006 సెప్టెంబరులో వెలువడిన పెర్ల్ అను రకము ఫోనులో కెమేరాను, మైక్రోఎస్‌డి కార్డునకు చోటును అమర్చిరి. ఉద్యోగులు సంతోషించిరి. భద్రతాధికారులకు మాత్రము దిగులు పట్టుకొనెను. ఫోను తనను తాను చెరుపుకొనగలదు. కాని అంతకుముందే ఊడదీసిన కార్డును చెరుపజాలదు.

అందుచేత కార్డునకు వేరుగ గూఢలిపి ఏర్పాటు చేయబడెను. కంపెనీ తన కార్యాలయములోని సర్వరునుండి ఆజ్ఞ పంపి దానిని నిర్బంధము చేయవచ్చును. తాళపుచెవి విషయమున మూడు మార్గములుండెను. మొదటిది, ఫోనులోనే యాదృచ్ఛికముగ పుట్టిన సంఖ్యతో కాపాడుట. రెండవది, ఉద్యోగి జ్ఞాపకముంచుకొను పాస్‌వర్డుతో కాపాడుట. మూడవది, రెంటిని కలిపి వాడుట. పాటలు, ఛాయాచిత్రములు ఉండు చోటును చేర్చుటయో విడిచిపెట్టుటయోకూడ కంపెనీ ఇష్టము. పాటలే కదా యని విడిచినచో, కెమేరాతో తీసిన కాగితముల బొమ్మలుకూడ రక్షణ లేక బయటనుండును.

2007 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ వెలువరించిన విండోస్ మొబైల్ 6 అను ఏర్పాటులోను కార్డు గూఢలిపి చేరినది. అచట తాళపుచెవి ఫోనులోనే ఉండును. దానివలన ఒక చిక్కు పుట్టినది. ఫోను చెడిపోయి, దానిని పూర్తిగ మొదటి స్థితికి తెచ్చినచో తాళపుచెవి నశించును. కార్డు చెక్కుచెదరక యజమాని చేతిలోనే ఉండును. కాని దొంగకు ఎట్లో యజమానికికూడ అట్లే అది చదువరానిది. గూఢలిపి మనుష్యులను గుర్తుపట్టదు. తాళపుచెవిని మాత్రమే గుర్తుపట్టును. కావున కార్డులోని వ్రాతకు మరొక ప్రతిని కార్యాలయమున ఉంచుకొనుట గూఢలిపితోపాటు విధిగ నేర్చుకొనవలసిన అలవాటైనది.

2011 నేర్పిన పాఠము

ఫోనుతో తాళపుచెవి పోవునను భయముచే, కార్డును పాస్‌వర్డుతో మాత్రమే కాపాడు మార్గము చాలమందికి సౌకర్యముగ తోచియుండును. ఫోను మారినను పాస్‌వర్డు జ్ఞాపకమున్నచో చాలును. ఆ సౌకర్యమునందే అపాయము దాగియుండెను.

2011 సెప్టెంబరులో రష్యాకు చెందిన ఎల్‌కామ్‌సాఫ్ట్ అను సంస్థ ఒక విషయమును ప్రకటించెను. బ్లాక్‌బెర్రీ కార్డు పాస్‌వర్డుతో మాత్రమే కాపాడబడినచో, ఆ కార్డునుండి ఫోను పాస్‌వర్డునే కనుగొనవచ్చును. ఫోను ఎదుట ఊహలు పరీక్షించువానికి పది అవకాశములే కలవు. కాని కార్డును ఊడదీసి కంప్యూటరులో పెట్టినచో లెక్కించువారెవరును లేరు. కంప్యూటరు సెకనుకు లక్షలకొలది పాస్‌వర్డులను పరీక్షింపగలదు. సరియైనది దొరికినచో దానితో ఫోనుకూడ తెరచుకొనును. ఫోనును కాపాడవలసిన నియమము కార్డువద్ద పనిచేయలేదు. కోట ద్వారమున సైనికులుండగా, కోట తాళపుచెవి ముద్రను ఊరిబయట వదలివచ్చినట్లయినది.

ఇచట ఒక చిన్న లెక్క ఉపయోగపడును. ఇంగ్లీషు చిన్న అక్షరములు ఏడింటితో చేయదగు పాస్‌వర్డులు సుమారు 803 కోట్లు. సెకనుకు 50 లక్షల చొప్పున పరీక్షించు యంత్రమునకు ఇవి అన్నియు 27 నిమిషముల పని. అక్షరములను పదింటికి పెంచినచో అదే యంత్రమునకు 327 రోజులు పట్టును. మూడు అక్షరములు చేర్చుటవలన శ్రమ 17,576 రెట్లయినది. అయితే జనులు అక్షరములను యాదృచ్ఛికముగ ఎన్నుకొనరు. పేర్లు, ఊర్లు, పుట్టిన తేదీలు ఎన్నుకొందురు. అట్టివానిని కనుగొనుటకు ఇంత కాలము అక్కరలేదు.

ప్రతి పరీక్షను ఆలస్యము చేయుట మరొక ఉపాయము. పాస్‌వర్డునుండి తాళపుచెవిని ఒక్క మెట్టులో కాక, వేలకొలది మెట్లలో గుణించి రాబట్టుదురు. యజమానికి అది కనురెప్పపాటు ఆలస్యము; కోట్లకొలది ఊహలు పరీక్షించువానికి ఏండ్ల ఆలస్యము. ఈ విధానము 2000 సంవత్సరముననే ప్రచురింపబడియుండెను. అంతకంటె బలమైన ఉపాయము, పాస్‌వర్డును ఫోనులోని యాదృచ్ఛిక సంఖ్యతో కలిపి వాడుట. అప్పుడు కార్డు ఒక్కటే దొరికినవానికి ఎంత వేగమైన కంప్యూటరున్నను ఫలితము లేదు. బ్లాక్‌బెర్రీలోని మూడవ మార్గము ఇదియే. మార్గము మొదటినుండి ఉన్నది. దానిని ఎన్నుకొనుటలోనే వివేకము కావలసి వచ్చినది.

ఆండ్రాయిడ్ కాలము

2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోను వెలువడినది. దానిలోకూడ మైక్రోఎస్‌డి కార్డునకు చోటుండెను. కార్డులో వ్రాయు పద్ధతి ఏ కంప్యూటరైనను చదువగల పాత పద్ధతి. ఏ వ్రాత ఎవరిదను గుర్తు దానిలో లేదు. 2011లో ఆండ్రాయిడ్ మూడవ రూపములో ఫోను లోపలి జ్ఞాపకమునకు గూఢలిపి వచ్చినను కార్డు బయటనే మిగిలినది. శాంసంగ్ వంటి తయారీదారులు కంపెనీల కోరికపై కార్డునకుకూడ గూఢలిపిని తామే చేర్చిరి.

2015 అక్టోబరులో విడుదలైన ఆండ్రాయిడ్ ఆరవ రూపము కార్డును ఫోనునకు దత్తు ఇచ్చు పద్ధతిని తెచ్చెను. దత్తు పోయిన కార్డును ఫోను మొదట పూర్తిగ చెరిపి, యాదృచ్ఛికమైన 128 బిట్ల తాళపుచెవితో ఏఇఎస్ గూఢలిపిలో వాడుకొనును. తాళపుచెవి ఫోనులోపలనే ఉండును. ఆ కార్డు మరొక యంత్రమున అర్థములేని అంకెల కుప్ప మాత్రమే. విండోస్ మొబైల్ కాలపు చిక్కు దీనికిని తప్పలేదు: ఫోను పోయినచో కార్డు పోయినట్లే. ఈ సదుపాయమును అన్ని తయారీదారులును ఇయ్యలేదు.

మరికొందరు తయారీదారులు ప్రశ్ననే తొలగించిరి. 2007లో వచ్చిన ఐఫోనులో మొదటినుండి కార్డునకు చోటే లేదు. శాంసంగ్ సంస్థకూడ 2021లో వెలువరించిన గెలాక్సీ ఎస్21 ఫోనులో ఆ చోటును తీసివేసినది. అయినను చాల రకముల ఫోనులలోను, కెమేరాలలోను కార్డులు నిలిచియున్నవి. బ్లాక్‌బెర్రీ పాత ఫోనుల సేవలు 2022 జనవరి 4న ఆగిపోయినవి.

చెరిపిన వ్రాత

గూఢలిపిని ఎప్పుడు ప్రారంభింపవలెను అను ప్రశ్న మిగిలినది. మొదట సాధారణముగ వ్రాసి, తరువాత గూఢలిపిగ మార్చినచో చాలదా? చాలదనుటకు ఫ్లాష్ నిర్మాణమే కారణము. ఫ్లాష్‌లోని గదులు కొన్ని వేల మారులు వ్రాసి చెరుపగానే అరిగిపోవును. అందుచే కార్డులోని నియంత్రణ యంత్రము ఒకే చోట మరల మరల వ్రాయదు. కొత్త వ్రాతను కొత్త చోట ఉంచి, పాతదానిని వాడుకనుండి తప్పించును. పాత వ్రాత కొంతకాలము అచటనే పడియుండును. ఫ్లాష్‌తో చేసిన డిస్కులలో ఒక ఫైలును మాత్రము ఎన్నుకొని మీద వ్రాసి చెరుపుట నమ్మదగినది కాదని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌డియాగో శాఖ పరిశోధకులు 2011లో ప్రయోగపూర్వకముగ చూపిరి. కావున కార్డులో మొదటి అక్షరము పడకముందే గూఢలిపి ప్రారంభము కావలెను.

అట్లు ప్రారంభించినచో చెరుపుటకూడ సులభమగును. కార్డులోని కోట్లకొలది గదులను తుడువనక్కరలేదు. ఫోనులోని 16 బైట్ల తాళపుచెవిని నశింపజేసినచో చాలును. కార్డు ఎచటనున్నను, ఎవరి చేతిలోనున్నను, దానిలోని వ్రాత ఆ క్షణముననే చదువరానిదగును. ఊడదీసిన కార్డును ఫోను చెరుపజాలదని 2006లో పుట్టిన దిగులునకు ఇదియే నివారణ. ఒకనాడు యజమానులను దుఃఖపెట్టిన గుణమే మరొకనాడు వారికి రక్షణ అయినది.

గణితము తన పనిని 2001లోనే ముగించినది. అటుపిమ్మట కార్డులోని వ్రాతను బయటపెట్టినవారు ఏఇఎస్‌ను ఛేదింపలేదు. బలహీనమైన పాస్‌వర్డును, తొందరపాటున తీసిన ప్రతిని, అజాగ్రత్తగ ఉంచిన తాళపుచెవిని వెదకి పట్టుకొనిరి. రహస్యమంతయు తాళపుచెవిలోనే ఉండవలెనని కెర్కాఫ్స్ 1883లో చెప్పిన మాటకు రెండవ సగము ఈ చరిత్రలో కనబడుచున్నది. రహస్యమంతయు తాళపుచెవిలోనే ఉన్నపుడు, దానిని ఉంచుచోటు ఎన్నుకొనుటయే అసలు పని. ఆ పనిని ఏ యంత్రమును మనుష్యుని తరఫున చేసిపెట్టలేదు.